మిలిటరీ కోత

బాజీ మొదటి దెబ్బ కర్ర మీద వేశాడు. బర్మా యుద్ధంలో కుడికాలు పోగొట్టుకున్న మనిషికి ఆ కర్రే కాలు. అది విరిగాక ఇంకేముంది, మిలిటరీ ఆనందరావు తన పొలంలో ఎండబోసిన మిరపకాయల మీద వెల్లకిలా పడ్డాడు. రెంటచింతలలో ఆనందరావులు ముగ్గురున్నారు గాని, మిలిటరీ అంటే ఇతనొక్కడే.

"ఏందిరా ఇది? మీకూ నాకూ ఏం తగువు?" అన్నాడు లేవబోతూ.

"మాకేం లేదు. అయ్యగారి ఆర్డరు," అన్నాడు కోటయ్య, కొడవలి చెయ్యి మార్చుకుంటూ.

అయ్యగారంటే మాచర్ల జానకిరామయ్య, ఢిల్లీ శాసనసభలో మెంబరు. ఆయన వాకిలి కాచే మనుషులే వీళ్ళిద్దరూ. నెల కిందట ఆనందరావు ఆ వాకిట్లోనే నిలబడి, కాలు పోయినోడికి పింఛను ఇప్పించలేనివాడివి ఢిల్లీలో కుర్చీలు అరగదీయడానికా పోయేదని నలుగురి ముందూ కడిగిపారేశాడు. జానకిరామయ్య అరవలేదు, తిట్టలేదు. "నీ సంగతి చూస్తాలే పో," అని రైలెక్కాడు. ఆ మాటకి పల్నాట్లో అర్థం ఒక్కటే. కోటయ్య ఆ రోజే కొడవలి నూరి పెట్టుకున్నాడు.

"అబద్ధం. ఆయన అట్టా చెప్పడు," అన్నాడు ఆనందరావు.

కోటయ్య రొండిన దోపుకున్న తంతి కాగితం తీసి ఆడించాడు. ఢిల్లీ నుంచి అయ్యగారు ఇచ్చిన ఇంగ్లీషు తంతి. మూడో ఫారం తప్పిన కోటయ్య పొద్దున్నే దాన్ని మాట మాటా కూడబలుక్కుని బాజీకి అర్థం చెప్పాడు. ఇవాళే మిలిటరీని కొయ్యమని, అదీ ఆనందరావు పొలంలోనే కొయ్యమని.

"పొలంలోనే అని రాశాడా?"

"రాశాడు. మాటకింత అని డబ్బు కట్టి తంతిలో ఎవుడన్నా ఊరికే రాస్తాడా?"

ఆనందరావు చెయ్యి చాపాడు. "ఆరేళ్ళు దొరల కింద పనిచేశా, నాకు ఇంగ్లీషు వచ్చు. ఒక్కసారి చదవనియ్యండిరా. తర్వాత మీ ఇష్టం."

కోటయ్య తటపటాయించాడు. ఇంతలో ఆనందరావు పెళ్ళాం దేవమ్మ అన్నం గంప నెత్తిన పెట్టుకుని దూరంగా గట్టు మీద కనపడింది. ఇంక ఆలస్యమైతే ఊరు లేస్తుందని బాజీ ఆ చాపిన చేతినే నరికాడు. రెండో దెబ్బ కోటయ్యది, మెడ మీద. మూడోది అక్కర్లేకపోయినా వేశారు, అది వాళ్ళ అలవాటు. కళ్ళంలో నెత్తురేదో కాయేదో తెలియలేదు. దేవమ్మ గంప విసిరేసి పరుగెత్తుకొచ్చేసరికి వాళ్ళు వాగు దాటారు. ఆ తల్లి మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని, తెగిన చెయ్యి కోసం మిరపకాయల్లో వెతుక్కుంది.

నాలుగు రోజులు కొండల్లో దాక్కుని, అయ్యగారుండగా మనకేం భయమని ఇద్దరూ ఆయన రైలు దిగే వేళకి మాచర్ల స్టేషనుకి వచ్చారు.

జానకిరామయ్య దిగడమే నవ్వుతూ దిగాడు. మిలిటరీ ఖర్చు బిల్లుకి తాను పెట్టిన సవరణ గురించి అక్కడే మొదలెట్టాడు. ఖర్చులో వంద రూపాయలు కొయ్యమన్నాడట. ఆ వంద కోసం కాదు, సభలో అదొక పద్ధతి. కోత పెడితే మంత్రి లేచి జవాబు చెప్పి తీరాలి. కాళ్ళూ చేతులూ పోయిన సిపాయిల మాటేమిటని నిలదీస్తే, అందరికీ పింఛను ఇస్తామని మంత్రి నిండుసభలో ఒప్పుకున్నాడట.

"ఏడిరా మన ఆనందరావు? సంగతి చూస్తానన్నా, చూశా. కబురు చెప్పారా లేదా? కోత పెట్టిన రోజే తంతి ఇచ్చానే. 'మిలిటరీ కట్ టుడే. ఇన్ఫార్మ్ ఆనందరావు.'"

బాజీ తిరిగి కోటయ్య మొహంలోకి చూశాడు. కోటయ్య రొండిన ఉన్న తంతి కాగితం తడుముకున్నాడు.

"అయ్యగారూ, ఇన్ ఫారం అంటే... పొలంలో అని కాదాండీ?"