దుకాణంలో దిండు

"లే అరుణా. రేపటి సంది నువ్వు దుకాణంల పరుపెక్కొద్దు. ఇంట్ల ఉండు."

సిద్ధిరాములు మామూలుగా గొంతు పెంచడు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం నడిపేవాడికి అది గిట్టుబాటు కాదు. కానీ ఇప్పుడు వినడానికి గిరాకీ ఎక్కడుంది? పెళ్లి చీరలకని వచ్చిన సూర్యప్రభకు కోడలు అరుణశ్రీ పోచంపల్లి పట్టు పరిచి, "ఈ అంచు చూడుండ్రమ్మా, ఇది..." అంటూనే చీర మీదికి ఒరిగిపోయింది. కాసేపటికి కళ్లు తెరిచి, "...మా అత్తగారి ఊరి నేత" అని మాట పూర్తిచేసింది. సూర్యప్రభ ఆమెను అదోలా చూసి, లేచి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

పెళ్లి బేరం! ఒక్క ఇల్లు కుదిరితే ఇరువైపుల చుట్టాలూ వెంట వస్తారు. అందరూ కట్టగట్టుకుని మెట్లు దిగిపోయినట్టే అనిపించింది సిద్ధిరాములుకు.

"కావాలని పడుకున్ననా మామా? నార్కోలెప్సీ అని డాక్టరమ్మ చెప్తే మీరూ విన్నరు గదా. పగటి నిద్ర మీద పడితే ఆపుకునుడు నా చేతుల లేదు."

"నీ తప్పని నేనన్ననా? గిరాకీకి గదంతా ఎట్ల తెలుస్తది?"

"గందుకే అడుగుతున్న. ఎల్బీనగర్ల మా పేషెంట్ల మీటింగయింది. మా రాత్రి నిద్ర కొలుస్తమన్నరు గీ జబ్బు మీద పరిశోధన చేసే డాక్టర్లు. గది కాదు సార్, మా కొలువు నిలబడ్తదా లేదా గది చూడుండ్రి అని మేమన్నం. ఒప్పుకున్నరు. అన్నం తిన్నంక జరసేపు కునుకు తీసి పనిల కూసునుడే పరీక్ష. పరదా ఎనక దిండేసుకుంటనంటే మీరే వద్దంటిరి."

"దుకాణంల దిండా? పక్క దుకాణం మట్టయ్య ఊరంతా చెప్పి నవ్వడా?"

"గీ ఒక్క పూట చూడుండ్రి. పనికి రాకుంటే నేనే ఇంట్ల ఉంట."

మచ్చు చూడకుండా సరుకు వద్దనేవాడు వ్యాపారి కాడు. సిద్ధిరాములు తలూపాడు. అరుణశ్రీ పరదా వెనక్కి వెళ్లింది. లోపల దొంగసరుకు దాచినట్టు ఆయన దానికి అడ్డంగా నిలబడ్డాడు.

కాసేపటికి సూర్యప్రభ మళ్లీ మెట్లెక్కింది.

"ఇందాకటి అమ్మాయి ఏదండీ?"

"బువ్వకు పోయిందమ్మా. కూసోండ్రి, నేను చూపిస్త."

"వద్దండీ. ఆ అమ్మాయే కావాలి."

తిట్టడానికే వచ్చిందనుకున్నాడు. చల్లటి నీళ్లిచ్చాడు. టీ అన్నాడు. కొత్త డిజైన్లు గుట్ట పోశాడు. ఆవిడ ఒక్క మడత కూడా ముట్టుకోలేదు.

పరదా కదిలింది. అరుణశ్రీ ముఖం కడుక్కుని వచ్చి పరుపు మీద కూర్చుంది.

"వంకాయ రంగు అడిగిండ్రు గదమ్మా. సన్నంచు, బరువు తక్కువ." అలమరలోంచి ఒక్కటే చీర లాగి పరిచింది. తర్వాత ఆడపడుచులకు, తోడికోడళ్లకు. మాట తడబడలేదు, రెప్ప వాలలేదు. సూర్యప్రభ పక్కన పెట్టించిన చీరలు ఎత్తుగా పేరుకున్నాయి. ఇంత చక్కటి అమ్మకం తానూ ఎన్నడూ చేయలేదని సిద్ధిరాములు లోలోపలే ఒప్పుకున్నాడు.

"ఒక్క మాటమ్మా. ఇందాక కోపమొచ్చి పోలేదా మీరు?"

"కోపమా? బయటికెళ్లి మా అమ్మాయి భావనకి ఫోన్ చేశానండీ. బతిమాలి ఒప్పించేసరికి ఇంతసేపైంది. ఇవన్నీ చుట్టాలకి. పెళ్లిచీర అదే చూసుకోవాలి కదా."

అంతలో ఆటో ఆగింది. దిగిన అమ్మాయి బెరుకుగా మెట్లెక్కింది. అరుణశ్రీ చెయ్యందించి పరుపు మీద కూర్చోబెట్టి, ఎర్రటి పట్టు పరిచింది. ఆ అంచు మీద వేలు రాస్తూ రాస్తూనే పెళ్లికూతురి తల వాలిపోయింది.

"మాట మధ్యలో ఒరిగి, అదే మాట దగ్గర లేచిన మీ కోడల్ని చూడగానే తెలిసింది. మా ఇంట్లోనూ ఇదే," అంది సూర్యప్రభ. "అందరూ నవ్వుతారని ఇది ఏ దుకాణం గడపా తొక్కలేదండీ."

గుమ్మంలోంచి మట్టయ్య తొంగిచూస్తున్నాడు. సిద్ధిరాములు అతనికి వినబడేలా గొంతు పెంచాడు.

"అరుణా, గా దిండు తే బిడ్డా! పరదా ఎనక కాదు, గిక్కడ నడిమిట్ల వెయ్యి!"