చేదక్క

"ఇంకా చేదుగానే ఉందమ్మా," అంటూ ఆవిడ మందు ఉమ్మేసి, నోరు పుక్కిలించింది.

విద్యార్థినికి ఒళ్ళు మండిపోయింది.

ఫార్మసీ మాస్టర్స్‌లో పరీక్షలైపోయాయి, సెమినార్లైపోయాయి. మిగిలింది థీసిస్ ఒక్కటే. పిల్లలు మింగలేని ఓ చేదు మందుని తియ్యటి సిరప్‌గా చెయ్యాలి. రుచి చూసినవాళ్ళందరూ బాగుందంటేనే గైడు సంతకం. లేదంటే ఇంకో ఏడాది.

క్లాసుమేట్లు చాక్లెట్‌లా ఉందన్నారు. ఆఫీసు గుమాస్తా ఇంకో చెంచా అడిగాడు.

బయటినుంచి వచ్చిన ఈ ఒక్క మనిషే, ప్రతిసారీ కళ్ళు మూసుకుని చప్పరించి, మొదట తీపే గానీ చివర్లో గొంతు దగ్గర చేదు తేలుతోందనేది. స్నేహితురాళ్ళు ఆవిడకి చేదక్క అని పేరు కూడా పెట్టేశారు.

"కొంచెం మార్చి చూడమ్మా. మళ్ళీ వస్తాను."

"ఇంతమందికి లేని చేదు మీ ఒక్కరి నాలుకకే ఎందుకుందండీ? నా డిగ్రీకి మోకాలడ్డడానికే వస్తున్నారా?"

"పెద్దవాళ్ళు మొహమాటానికి మింగేస్తారు. పిల్లలకి మొహమాటం ఉండదు కదా."

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

ఆవిడ తను తాగిన గ్లాసు కడిగి, బోర్లించి వెళ్ళిపోయింది.

ఆ కుర్చీలో హాస్టల్ వార్డెన్ కూర్చుంది, లొట్టలేసింది. గైడు సంతకం పెట్టాడు.

డిగ్రీ చేతికొచ్చాక, అనుమతులన్నీ దాటుకుని సిరప్ పిల్లల వార్డుకి చేరింది. తన మందుని కళ్ళారా చూసుకుందామని ఆమె కూడా వెళ్ళింది.

మొదటి మంచం మీది పసివాడు చప్పరించి నవ్వాడు. అంతలోనే గుటక ఆపి, భళ్ళున కక్కేశాడు.

పట్టే పద్ధతి సరిగ్గా లేదని ఆమె నర్సు మీద విరుచుకుపడింది. రెండో మంచం పాపకి తనే స్వయంగా పట్టింది. ఆ పాపా కక్కింది.

"ఇది బాగుందని చెప్పిన మహానుభావులెవరో," నర్సు దుప్పటి మారుస్తూ గొణిగింది. "అయినా మీ కాలేజీకి ఒకావిడని పంపాను కదా, రుచి చూడ్డానికి మనుషులు కావాలన్నారని. ఆవిడ కూడా బాగుందనే అందా?"

ఆమె సిరప్ సీసాకి మూత బిగించింది.

"అనదే," అంది నర్సు, కిటికీ పక్క మంచం వైపు చూస్తూ. "అక్కడ కూర్చుని రోజూ ముందు తను ఆ పాత చేదు మందే ఓ చెంచా మింగి, 'తియ్యగా ఉందమ్మా' అని నవ్వి చూపించేది కూతురికి, ఆ పిల్ల కక్కీ కక్కీ కన్నుమూసేదాకా."