చిటికెన వేలు

"ఒక్క వేలు, ఆర్విన్ గారూ. చిటికెన వేలు. అంతకు మించి నేనేమీ అడగడం లేదు," అంది స్టూడియో తరఫున వచ్చిన డానా.

"వేలైనా వెంట్రుకైనా కదలడానికి వీల్లేదు," అన్నాడు ఆర్విన్ టాల్‌బట్. "చచ్చినవాడు చచ్చినట్టే ఉండాలి."

బర్‌బ్యాంక్ స్టూడియోలోని పద్నాలుగో షెడ్డులో పొద్దుటి నుంచీ ఇదే వాదన. దీపాల నడుమ కెప్టెన్ మార్లెక్ శవపేటిక సిద్ధంగా ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్లలో కెప్టెన్ మీద ఎనిమిది సినిమాలు. మొదటిది రాసినప్పుడే ఆర్విన్ చివర్లో అతన్ని చంపేశాడు. స్టూడియోవాళ్లు ఆ పేజీలు చింపేశారు. తర్వాత ప్రతిసారీ ఆయన చంపడం, వాళ్లు చింపడం. ఎట్టకేలకు ఎనిమిదోదాంట్లో ఒప్పుకున్నారు. ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, కెప్టెన్ బతికే ఉన్నాడని జనానికి సూచించడానికి ఇప్పుడీ వేలు పట్టుకొచ్చారు.

ఒకసారి చనిపోయిన కెప్టెన్‌ను మళ్లీ లేపాలంటే రచయిత సంతకం కావాలి. పాత ఒప్పందంలో మూలనెక్కడో ఉన్న ఆ ఒక్క వాక్యమే ఆర్విన్ చేతిలో మిగిలింది. సంతకం కోసం తెచ్చిన కాగితం డానా చేతిలో నలుగుతోంది.

"పేర్లన్నీ పడిపోయాక పది సెకన్లండీ. అప్పటికి సగం జనం బయట కార్లు వెతుక్కుంటూ ఉంటారు."

"మిగతా సగం తొమ్మిదోదానికి టికెట్లు కొంటారు. ఆపైన పదోది, పదకొండోది. నువ్వసలు కొత్త కథన్నది చదివి ఎన్నాళ్లయిందమ్మాయ్?"

డానా ముఖం చిన్నబోయింది. "పోయిన నెలే చదివానండీ. చదివి ఏడ్చాను కూడా. పైవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే, 'బాగుంది, ఇంతకీ ఇది దేనికి రెండో భాగం?' అని అడిగారు."

పొద్దున ఆర్విన్ అడగకుండానే చక్కెర లేని టీ తెచ్చి చేతిలో పెట్టింది ఈ పిల్లే. ఆమె మీద కోపం ఎంతసేపు నిలుపుకోగలడు?

"శవం వింటోంది, కాస్త మెల్లగా!" పేటికలోంచి డెస్మండ్ క్రేల్ గొంతు వినిపించింది. కెప్టెన్ వేషం ఎనిమిదిసార్లూ అతనిదే. ఇత్తడి బొత్తాల నీలం కోటులో వెల్లకిలా పడుకుని, రొట్టె ముక్క నములుతున్నాడు. "ఒరేయ్ ఆర్విన్, జారిపోకురా. నా మోకాళ్లు రెండూ మార్చి ఏడాది కాలేదు. ఇంకోసారి తాడు పట్టుకుని ఓడ మీదికి దూకమన్నారంటే, ఈ పెట్టె నిజంగానే పనికొస్తుంది."

"నువ్వు కదలకుండా పడుకో. తక్కినది నేను చూసుకుంటాను."

"ముక్కు దురద పెట్టినా కదలను. ఒట్టు. లొరెయిన్ ఉంటే ఇవాళ కేకు చేసి పట్టుకొచ్చేది. 'హమ్మయ్య, మా ఆయన కథ ఇన్నాళ్లకు పూర్తయింది' అని ఊరంతా పంచేది."

ఆర్విన్ నవ్వాడు. భార్య పోయి నాలుగేళ్లు. తన ముందు ఆమె పేరు ఎత్తడానికి అందరూ జంకుతారు. భోజనాల దగ్గర ఉప్పు అందించమన్నంత మామూలుగా ఎత్తేవాడు డెస్మండ్ ఒక్కడే. అదీ ఒక అదృష్టమే అనిపిస్తుంది ఆయనకు.

"ఒట్టు మీద ఉండరా," అంటూ అతని కోటు కాలరు సరిచేసి, కెమెరా పక్కకు వెళ్లి నిలబడ్డాడు.

మేకప్ అమ్మాయి వచ్చి డెస్మండ్ పెదాల మీది రొట్టె పొడి తుడిచింది. చేతులు గుండెల మీద ఒకదాని మీద ఒకటి చేర్చి, వాటికి పౌడరు అద్దింది. డైరెక్టర్ సైగ చేశాడు. షెడ్డంతా సద్దుమణిగింది.

కెమెరా కెప్టెన్ ముఖం మీంచి మెల్లగా దిగి, చేతుల దగ్గర ఆగింది. డెస్మండ్ మాట నిలబెట్టుకున్నాడు. ఊపిరి ఆడుతున్న జాడ కూడా లేదు. మైనంలా తెల్లబడిన చేతులు, వేలికి వదులైన ఉంగరం. డైరెక్టర్ ఆపమనలేదు. అరనిమిషం గడిచింది, నిమిషం గడిచింది. ఆర్విన్ తనకు తెలియకుండానే ఒక అడుగు ముందుకు వేశాడు.

"కట్!" అన్నాడు డైరెక్టర్. "ఇక చాలు. ఇంతకంటే బాగా చచ్చిపోవడం ఎవరి తరమూ కాదు."

డానా కాగితాన్ని రెండు మడతలు పెట్టింది. "మీరే గెలిచారండీ," అంది. గొంతులో నిష్ఠూరం లేదు.

అసిస్టెంట్ డైరెక్టర్ హ్యూగో మైకు అందుకున్నాడు. ఒక నటుడి చివరి షాటు అయిపోగానే అతని పేరు పిలవడం, చేతిలో పని వదిలేసి అందరూ చప్పట్లు కొట్టడం అక్కడి ఆనవాయితీ. వడ్రంగులు సుత్తులు కింద పెట్టారు. దీపాలవాళ్లు నిచ్చెనల మీదే చేతులు ఖాళీ చేసుకున్నారు.

"మిత్రులారా! ముప్ఫై ఒక్క ఏళ్ల తర్వాత, కెప్టెన్ మార్లెక్‌గా ఆఖరిసారి, మన డెస్మండ్..."

"ఆగవయ్యా హ్యూగో," అన్నాడు ఆర్విన్.

అందరూ ఆయన వైపు తిరిగారు. డెస్మండ్ ఒక కన్ను తెరిచి చూశాడు.

ఆర్విన్ చూపు ఇంకా ఆ చేతుల మీదే ఉంది. నాలుగేళ్ల కిందట గ్లెన్‌డేల్ శ్మశానంలో, లొరెయిన్ పేటికకు మూత వేసేదాకా, ఆయన సరిగ్గా ఇలాగే నిలబడ్డాడు. ఆ రోజు పూలు చూడలేదు. ఫాదర్ చెప్పిన మాటలు వినలేదు. చూసిందల్లా ఆమె ఒక్క వేలినే, కదులుతుందేమోనని.

"నన్ను మన్నించరా డెస్మండ్," అన్నాడు. తర్వాత డానా వైపు చెయ్యి చాచాడు. "ఆ కాగితం ఇలా ఇవ్వమ్మా. ఇంకొక్కసారి తీయండి... ఆ వేలు కదలనీ."