కిటికీలో లిల్లీలు

"ఆ మనీ ప్లాంట్ తీసేయండమ్మా. పిల్లి నమిలిందంటే నోరు పుండవుతుంది."

వీధిలో నిలబడి కిటికీలోంచి చెప్పాడు ముసలాయన. చంకలో గొడుగు, మెడకు మఫ్లరు, మొహాన మచ్చుకైనా మొహమాటం లేదు.

ఆమె ఆఫీసుకు బయల్దేరే హడావిడిలో ఉంది. "అలాగేలెండి" అనేసి కిటికీ రెక్క వేసేసింది.

ఆయన ఆమెకు కొత్తేం కాదు. దూది ఇంట్లోకి వచ్చిన మర్నాడే తలుపు కొట్టాడు.

దూది అంటే పిల్లి. ఎక్కడిదో ఏమో, తెల్లగా, బొద్దుగా, కిటికీలోంచి దూకి తిన్నగా పాప మంచమెక్కింది. మెట్ల మీంచి పడి కాలు విరిగిన దగ్గర్నుంచి ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకోవడమే తప్ప ఎవరితోనూ మాట్లాడింది లేదు. అలాంటిది ఆ పూట పకపకా నవ్వింది. తల్లికి ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు తలుపు తీస్తే ఈయన.

"ఏమ్మా, ఇటేమైనా..." అంటూ లోపలికి చూసి ఆగిపోయాడు. పాప పిల్లిని ఒళ్లో పడుకోబెట్టుకుని కబుర్లు చెబుతోంది.

"ఏం కావాలండీ?"

"కాసిని మంచినీళ్లమ్మా."

తాగి వెళ్లిపోయాడు. వీధి చివర కుళాయి ఉండగా మా ఇంటికే రావాలా, చోద్యం కాకపోతే, అనుకుంది ఆమె.

పిల్లి కోసం ఎవరూ రాలేదు. ఎవరిదైనా అయితే అడక్కుండా ఊరుకుంటారా? ఇక అది తమదే అని ఖాయం చేసుకున్నారు తల్లీకూతుళ్లు.

ముసలాయన నస మాత్రం మొదలైంది. మనీ ప్లాంట్ తీయించాడు. ఆ తర్వాత కలబంద. పాపకు ఆయన మాటంటే గురి. "తాత చెప్పాడమ్మా" అందంటే ఇక తిరుగు లేదు. కుండీలన్నీ ఒక్కొక్కటిగా పక్కింటికి తరలిపోయాయి. ఆఫీసులో పడ్డ మాటలన్నీ ఆ మొక్కలకు నీళ్లు పోస్తూనే మర్చిపోయేది ఆమె. ఇప్పుడు కిటికీ బోడిగా మిగిలింది.

దానికితోడు ఇంకొకటి. ఆయన వీధిలోంచి నాలుకతో టక్కుమనిపిస్తే చాలు, ఎంత నిద్రలో ఉన్నా దూది లేచి చెవులు రిక్కించేది. ఆమె ఎంత ముద్దుగా పిలిచినా పలికేది కాదు. ముసలాయన ఏ మందో పెట్టుంటాడని ఆమె అనుమానం.

"ఫెర్న్ పెట్టుకోండమ్మా. స్పైడర్ ప్లాంటూ మంచిదే, కొరికినా పెద్దగా ఏం కాదు" అన్నాడు ఇంకో రోజు. "లిల్లీలు మాత్రం గుమ్మం తొక్కనివ్వకండి."

ఆమెకు ఒళ్లు మండింది.

"మా ఇంట్లో ఏం పెట్టుకోవాలో చెప్పడానికి మీరెవరండీ? పిల్లంటే అంత ప్రేముంటే మీరే ఒకదాన్ని పెంచుకోండి. మా కొంప మీద పడతారెందుకు?"

ముసలాయన గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"నిజమేనమ్మా" అని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే ఆమె లిల్లీలు కొనుక్కొచ్చింది. బాకాల్లా విచ్చుకున్న తెల్లటి లిల్లీలు. పువ్వుల మీద మోజుతో కాదు, ఉత్త పంతంతో. వీధిలోకి బాగా కనబడాలని కిటికీ పక్కనున్న బీరువా మీద పెట్టింది.

"తాత వద్దన్నాడుగా అమ్మా."

"అంత ఎత్తు ఎక్కదులేవే."

నిజంగానే ఎక్కలేదు. బీరువా పక్కనే నేల మీద పడుకుంది, అంతే. చూడాల్సిన ఆయన మాత్రం మళ్లీ అటు రానేలేదు.

మర్నాడు దూది వీపు మీద తుప్పు రంగు పొడి కనిపించింది. కిటికీ ఊచల తుప్పనుకుంది ఆమె. గుడ్డ తెచ్చి తుడిచేలోగా అదే శుభ్రంగా నాకేసుకుంది.

"పనిమంతురాలివే" అని మెచ్చుకుంది కూడా.

ఆ తర్వాత దూది తిండి ముట్టలేదు. ఒకటే వాంతులు. ఏ పాడు బల్లినో తిని ఉంటుంది, తగ్గిపోతుందిలే అనుకుంది ఆమె. తగ్గలేదు. బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తేసరికి దానికి మెడ నిలవడం లేదు.

"ఇంట్లో లిల్లీలున్నాయా?" డాక్టరు అడిగిన మొదటి మాట అదే. "ఆ పుప్పొడి కాస్త నాకినా చాలండి. కిడ్నీలు పోయాయి."

ఇంటికి ఖాళీ బుట్ట వచ్చింది.

పాప ఏడవలేదు. కట్టు విప్పిన కాలు ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకుంది. తల్లి ఎంత పిలిచినా పలకలేదు.

ముసలాయన చేత నాలుగు చీవాట్లు తింటేనన్నా మనసు కుదుటపడుతుందేమో అనిపించింది ఆమెకు. వాళ్లనీ వీళ్లనీ అడిగి, వెనక సందులో ఆయన గది పట్టుకుంది.

"దూది పోయిందండీ. లిల్లీలు నేనే పెట్టాను. మీ మీద కోపంతో."

చీవాట్లు పెట్టలేదు ఆయన. తలుపు పట్టుకుని అలాగే గడప మీద కూర్చుండిపోయాడు.

"బాధ పడిందా?" అన్నాడు.

"లేదండీ" అని అబద్ధమాడింది.

ఆయన మొహంలోకి చూడలేక గదిలోకి చూసింది. ఎటు చూసినా మొక్కలే. ఫెర్నులు, స్పైడర్ ప్లాంట్లు, ఓ మూల అరెకా పామ్. అన్నీ నేల మీదే, పిల్లి మూతికి అందే ఎత్తులో. ముదురు ఆకుల అంచులు కొన్ని కొరికినట్టుగా తెగి, ఎండిపోయి ఉన్నాయి. గదిలో పిల్లి జాడ మాత్రం లేదు.

ఆమె చూపు తలుపు కింది భాగంలో ఆగింది. జానెడు వెడల్పున చెక్కను కోసి చేసిన కంత. రాకపోకలకు అరిగి దాని అంచులు నున్నబడ్డాయి. ఒక మూల తెల్ల వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. లోపలి వైపు నుంచి దానికి అడ్డంగా ఓ కొత్త చెక్క పెట్టి మేకులు దిగ్గొట్టారు.

"ఇదెందుకు మూసేశారండీ?" అని అడిగింది.

"తెరిచుంచితే తిరిగొచ్చేసేదమ్మా" అన్నాడు ముసలాయన. "మీ పాప అప్పటికింకా మంచం దిగలేదు కదా."