పసుపుగుడ్డ

ఆ రోజుల్లో ఆడవాళ్ల గాజుల్లోనూ మగవాళ్ల మొలతాళ్లలోనూ ఒంటి సంగతి చెప్పే నోరుండేది. జలుబు రాబోతోందంటే ముందురోజే గొణిగేది. మిరపకోత మొదలైనప్పటి నుంచీ ధన్విక గాజుది ఒకటే పాట.

"అమ్మా, గుండె దడదడలాడుతోంది. నీ ఒంట్లో కావలి కాసేవాళ్లే పొరబడి, గొంతులోని థైరాయిడ్ గ్రంథిని ఎద్దును పొడిచినట్టు పొడిచి పరుగెత్తిస్తున్నారు. డాక్టరుకు చూపించుకో."

అత్తగారు మౌనికమ్మకది గిట్టలేదు. కోడలు ముగ్గురి కోత ఒక్కతే కోస్తోంది. కుండెడన్నం తిన్నా కందిపుల్లలా ఉంది, నిద్రన్న మాటే ఎత్తదు. ఇలాంటి కోడలు ఎవరికి దొరుకుతుంది? పోనీ తీసేద్దామంటే పెళ్లయిన పిల్ల చేతి గాజాయె. అందుకని, "నీ పని మీద ఊరి కళ్లన్నీ పడ్డాయే, దిష్టి" అంటూ గాజు మీద పసుపుగుడ్డ బిగించి చుట్టింది. గాజు నోరు పడిపోయింది.

ఒకరోజు చేలోనే ధన్విక కుప్పకూలింది.

ఆస్పత్రి మంచం మీద కళ్లు తెరిచి, పక్కన అత్తగారిని చూసి నీరసంగా నవ్వింది. "ఆ గుడ్డ కట్టబట్టి బతికాను అత్తయ్యా. నర్సు విప్పేసింది, ఇంకోటి కట్టండి" అంటూ చెయ్యి చాపింది.

మౌనికమ్మ ఆ చేతిని పట్టుకుంది. కావలి కాయాల్సిన మనిషి తను.

"అది దిష్టికి కాదే తల్లీ" అంది తల దించుకుని. "కోత అయ్యేదాకా నువ్వు ఆగకూడదని, గాజు నోరు మూయడానికి కట్టాను."