శనివారం సౌనా

“షుగరు తగ్గిస్తారని చేర్పిస్తే కాలికి ఇన్ఫెక్షన్ అంటిస్తారా? ఇది ఆసుపత్రా, రోగాల కొట్టా?” హిల్కా నర్సు మీద విరుచుకుపడింది.

నర్సు మెర్యా హిల్కా భర్త పాదానికి కట్టు విప్పింది. ఆయన పేరు తాయిస్తో. అరికాలంతా చీము.

“ఇవి కాలిన బొబ్బలు చితికిన పుళ్ళు. శనివారం సెలవడిగి ఇంటికెళ్ళి ఏం చేశారు?”

“సౌనాలో, ఆవిరి గదిలో కూచున్నా. శనివారం సౌనా చెయ్యనివాడు మనిషేనా?” తాయిస్తో కసిరాడు. “పాదాలు బకెట్లో పెట్టుకుంటే ఈవిడ పోసిన నీళ్ళకి వేడే లేదు. ఇంకా మరిగినవి పొయ్యవే అని తిట్టి పోయించుకున్నా.”

“వేడి లేకపోవడం కాదు, మీకు తెలియలేదు. షుగరుతో పాదాలకి స్పర్శ పోయింది.”

“తప్పు మా మీదకి తోస్తావా? చెప్పవే హిల్కా, ఆ నీళ్ళు చల్లగా లేవూ?”

హిల్కా ఆ నీళ్ళు చింది బొబ్బలెక్కిన చేతిని మెల్లగా కోటు జేబులో దాచుకుంది.