మొలతాడు రూపాయి

ముత్తక్క మనవడి మొలతాడుకు వేలాడుతున్న పాత వెండి రూపాయిని చూసి, ఖమ్మం నుంచి పాత నాణేల కోసం వచ్చిన సుదర్శనం అక్కడే చతికిలబడ్డాడు. అంచున ఊదా, నడుమ నెమలి నీలం. ఇలాంటి రంగులకే నాణేలవాళ్లు ఎగబడతారు.

“ఈ రంగులు ఎట్ల వచ్చినయక్కా?”

“పిల్లల దిష్టంత వెండి గుంజుకుంటది సారూ. ఆ ఊదా నా బిడ్డకొచ్చిన కోరింతదగ్గు. నీలమంత మా అత్త కండ్లు. నిండిపోయింది, ఇంక గుంజదు.”

సుదర్శనం నవ్వు ఆపుకుని, తళతళలాడే వెండి రూపాయొకటి మొలతాడుకు కట్టించి పాతది తీసుకున్నాడు. లేచినవాడు మళ్లీ కూర్చుని, సంచిలోంచి ఇంకో నాలుగు తెల్లవి తీశాడు.

“ఇవి కూడ పిల్లగానికి కట్టరాదక్కా?”

“గంత బరువు ఎట్ల మోస్తడు?” ముత్తక్క లోపలికి తొంగిచూసి గొంతు తగ్గించింది. “ఈడ పెట్టిపో సారూ. మా అత్త ఇంక బతికే ఉన్నది.”